మా నాయనమ్మ మెడ తిప్పని ఆదివారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో బేరం ఆడకుండా ఎవరూ రెండో గరిటె పెరుగు కూడా వేయించుకునేవాళ్ళు కాదు. తెనాలి బజారులో ముందు గిన్నెల కొట్టు, వెనక ఇల్లు. కొట్టుకి మూడు మెట్లు. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, అప్పుడప్పుడే వస్తున్న స్టీలు గ్లాసుల మధ్య పెరిగిన నాకు అక్షరాల కంటే ముందు బేరం వచ్చింది. బాగా వచ్చిందని అప్పట్లో నా నమ్మకం.

మా నాన్న నేర్పిన మొదటి పాఠం ఆ మెట్ల గురించే. చెరుకుపల్లి వైపు నుంచి పెళ్ళి సామానుకి వచ్చినవాళ్ళు ధర కుదరక లేచిపోతుంటే కంగారుపడకూడదు. "నోరు వినకు, మెడ చూడు" అనేవాడు. మొదటి మెట్టు ఎవరైనా కోపంతో దిగుతారు. రెండో మెట్టు మీద మెడ కాస్త వెనక్కి తిరిగిందా, ఆ మనిషి మనవాడే, పిలవకపోయినా వస్తాడు. మెడ తిప్పకుండా మూడో మెట్టు దిగినవాణ్ణి మాత్రం వెంటనే పిలవాలి. వాడు నిజంగా వెళ్ళిపోయేవాడు.

నాకు పదకొండేళ్ళప్పుడు ఎండాకాలంలో మూఢం వచ్చింది. ముహూర్తాలు లేవు, పెళ్ళిళ్ళు లేవు, బిందెలు కొనేవాళ్ళు లేరు. మా నాన్న కొట్టుకి వారం రోజులు సెలవిచ్చి, ఆ వారంలో చేయాల్సిన పనులన్నీ పాత క్యాలెండరు కాగితం వెనక రాశాడు. గోడలు గీకి సున్నం వేయడం, నవారు మంచాలు విప్పి ఉతికి మళ్ళీ అల్లడం, వడియాలు, ఆవకాయ. ఆయన పైకి చదువుతుంటే మూల కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న మా నాయనమ్మ తలెత్తకుండానే, "చివర్న సముద్రం కూడా రాయరా" అంది.

మా నాయనమ్మ తెనాలిలో పుట్టి తెనాలిలోనే అత్తవారింటికి వచ్చింది. బాపట్ల ఎంత దూరమని! రైలెక్కితే ఒక పూట ప్రయాణం కూడా కాదు. అయినా అరవై దాటినా ఆవిడ సముద్రం చూడలేదు. ముందు మా తాతయ్య, తర్వాత మా నాన్న, వచ్చే ఎండాకాలం, వచ్చే ఎండాకాలం అంటూ గడిపేశారు.

"ఉప్పునీళ్ళే కదమ్మా, ఏముంది చూడటానికి?" అన్నాడు మా నాన్న.

"ఏముందో చూస్తేగా చెప్పేది. వచ్చే ఏటికి ఈ మోకాళ్ళు రైలు మెట్టు ఎక్కనివ్వవు."

"సరే, ఆదివారం" అని ఆయన అన్నాడు గానీ, కాగితం మీద రాయలేదు. అది నేను చూశాను. చూసి, నా తెలివి వాడాలనుకున్నాను. తమ్ముడూ నేనూ గోడలన్నీ గీకుతాం, బదులుగా షికారుకి తీసుకెళ్ళాలి అని బేరం పెట్టాను. మా నాన్న మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా కుదిరినప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

మూడు రోజులు ఇనప రేకులతో గోడలు గీకాం. పాత సున్నం పొడి కళ్ళల్లో, చెవుల్లో, అన్నంలో. గురువారం పొద్దున మా నాన్న మమ్మల్ని రేపల్లె రైలెక్కించాడు. అక్కడ మా బాబాయి ఇంట్లో ఆవకాయకని కాయలు కోయించి ఉంచారు. మధ్యాహ్నం రైల్లో మామిడికాయల సంచి నా ఒళ్ళో, కారం మూట తమ్ముడి ఒళ్ళో పెట్టుకుని తుమ్ముకుంటూ తిరిగొచ్చాం. ఇల్లు చేరాక మా నాన్న చేతులు దులుపుకుని, "షికారు అయిపోయింది. నా మాట నేను నిలబెట్టుకున్నా" అన్నాడు.

ఎక్కడికో చెప్పకుండా షికారు అడిగాను! బిందె కొని మూత సంగతి మర్చిపోయినవాళ్ళని చూసి రోజూ నవ్వుకునే నేను! ఆ సాయంత్రం నవారు అల్లుతూ ఏడుస్తుంటే మా నాయనమ్మ మంచానికి అవతలి వైపు నుంచి నవారు గట్టిగా లాగి, "నీ బేరంలో తప్పు మాటలో లేదే. అది కుదరకపోతే ఏం చేస్తావో నువ్వు అనుకోలేదు. మీ నాన్నకి అది తెలిసిపోయింది" అంది. నాకు అర్థం కాలేదు. ఏడుపు ఆపి ముడి వేశాను.

శనివారానికి సున్నం ఆరింది, వడియాలు డబ్బాల్లోకి వెళ్ళాయి, ఆవకాయ జాడీలకెక్కింది. కాగితం మీద పని ఒక్కటి కూడా మిగల్లేదు. ఆదివారం పొద్దున్నే మా నాన్న కొట్టు తలుపు తీసి, అలమర్లన్నీ దించి తుడవాలని మా అమ్మ చేతికి గుడ్డ ఇచ్చాడు. సోమవారం కొట్టు తెరవాలట. బాపట్ల వచ్చే ఆదివారం చూద్దామట.

మా నాయనమ్మ లోపలికి వెళ్ళి, ఉతికిన చీర కట్టుకుని, పెరుగన్నం, కొత్తావకాయ ఉన్న క్యారియరు పట్టుకుని బయటికొచ్చింది. తమ్ముణ్ణీ నన్నూ చెరో చేత్తో పట్టుకుని కొట్టులోంచే నడిచింది.

"ఎక్కడికమ్మా?"

"బాపట్ల."

"వచ్చే ఆదివారం అన్నానుగా!"

"వచ్చే ఆదివారం నువ్వు వెళ్ళు."

మొదటి మెట్టు దిగాం. "ఎండలో ఏంటమ్మా ఇది, సాయంత్రం సినిమాకి పంపిస్తాను" అన్నాడు మా నాన్న. నాయనమ్మ ఆగలేదు. రెండో మెట్టు. "పోనీ, మళ్ళీ రేపల్లె తీసుకెళ్తా!" అని వినబడింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా మెడ తిరిగింది. సినిమా మాట వినగానే సగం తిరిగింది, రేపల్లె అనగానే పూర్తిగా తిరిగింది. చూస్తే మా నాన్న కళ్ళు నా మీద లేవు. కొట్టులో నాకు నేర్పినట్టే, ఆయన మా నాయనమ్మ మెడ వంక చూస్తున్నాడు.

"ముందుకి చూడవే" అని నా చెయ్యి లాగింది నాయనమ్మ. మూడో మెట్టు దిగేశాం.

అప్పుడు వెనక చెప్పుల చప్పుడైంది. మా నాన్న అనుకున్నాను. మా అమ్మ! తుడుపుగుడ్డ మా నాన్న భుజం మీద వేసి, "పై అలమరకి స్టూలు వేసుకోండి, పడతారు" అని చెప్పి వచ్చేసింది. వీధి మలుపు దాకా "ఆగండి, ఆగండి" అని ఆయన గొంతు వినబడుతూనే ఉంది. ఆయన పిలుపుకి ఆగని కొనుగోలుదారుని నేను అంతవరకూ చూడలేదు.

రైలు మెట్టు ఎక్కడానికి నాయనమ్మని పైనుంచి నేను లాగాను, కింద నుంచి మా అమ్మ నెట్టింది. బాపట్లలో దిగి బండి కట్టించుకుని సూర్యలంక చేరాం. ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన మా నాయనమ్మ నీళ్ళు కనబడగానే నిలబడిపోయింది. అక్కడే వల బాగుచేసుకుంటున్న ఒకావిడ లేచి వచ్చి చెయ్యి అందించింది.

"ఇదే మొదలా పెద్దమ్మా? కాళ్ళ కింద ఇసక జారిద్ది, భయపడమాక."

"భయమా! దీనికోసం అరవై ఏళ్ళు బేరమాడాను తల్లీ" అని మా నాయనమ్మ మోకాళ్ళ లోతుకి దిగిపోయింది. దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలిక మీద వేసుకుని, "మన ఆవకాయకి ఇంతుప్పు పడాల్సింది" అని మా అమ్మని వెక్కిరించింది. అత్తాకోడళ్ళు ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని అల వచ్చినప్పుడల్లా కేకలు పెట్టారు. వాళ్ళు కేకలు పెట్టగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

పొద్దుగూకే వేళకి ఇంటికొచ్చాం. అలమర్లన్నీ అద్దాల్లా ఉన్నాయి. మా నాన్న మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. కాసేపు బిగదీసుకుని, ఉండబట్టలేక, "ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"ఉప్పునీళ్ళేరా. ఏముంది చూడటానికి" అని నాయనమ్మ మూడు మెట్లూ ఎక్కి లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ చెప్పినట్టే, మరుసటి ఏడు మోకాళ్ళు రైలెక్కనివ్వలేదు. మా నాన్న ముసలివాడయ్యాక ఒకసారి ఎవరూ లేనప్పుడు నన్ను అడిగాడు, "నిజంగా ఉప్పునీళ్ళేనా?" అని. ఆ వారమే ఆయన్ని తీసుకెళ్ళాను, ఏ పనీ ముగించకుండానే.

కొట్టు మీద ఆడపిల్ల కూర్చోవడమేంటని మా పెద్దలు నన్ను కూర్చోబెట్టి నచ్చజెప్పిన రోజున నేనూ ఆ మూడు మెట్లు దిగాను. వెనక నుంచి చాలా పిలుపులు వినబడ్డాయి. రేపల్లెలో నా కొట్టు నేను పెట్టుకున్నాను. గొప్పకి చెప్పడం లేదు. వంకాయల బండి దగ్గర ఇప్పటికీ నా మెడ మొదటి అడుగుకే తిరుగుతుంది, బండివాడు నవ్వుకుంటూ సంచి విప్పుతాడు. కానీ ఏది వంకాయో ఏది సముద్రమో ముందుగా తేల్చుకోవడం మాత్రం ఆ ఆదివారమే నేర్చుకున్నాను.

ఈ వారం మా ఇంట్లో రంగులు వేయిస్తున్నారు. ఏసీ బిగించేవాళ్ళు రావాలట, వంటింటి అరలు మార్చాలట, బాపట్ల ప్రయాణం వచ్చే ఆదివారం చూద్దామట. మా అమ్మాయి చాలా ప్రేమగా చెప్పింది. సరేనని తలూపి, చీర ఇస్త్రీకి ఇచ్చి తెప్పించుకున్నాను. ఇప్పుడు మేముండే చోట మెట్ల అవసరం లేదు, లిఫ్టు ఉంది. అందులో మెడ వెనక్కి తిప్పినా అద్దంలో నా మొహమే కనిపిస్తుంది. అయినా తిప్పను.