గుర్రం వెనక గోటి గుర్తు

లచ్చన్న చేతులు ఊరికే ఉండేవి కావు. జగిత్యాల దగ్గర కంచరి ఇంట్లో పుట్టినవాడు. తండ్రి గంటలు, చెంబులు, గజ్జెలు పోతపోసేవాడు. స్టీలు గిన్నెలు వచ్చి ఆ కొలిమి ఆరిపోయాక, ఎనభై ఒకటిలో దుబాయ్ అవతలి రాస్ అల్ ఖైమా కంకర క్వారీకి వచ్చిపడ్డాడు. క్రషర్ దుమ్ము మింగుతూ కూడా, కాస్త తీరిక దొరికితే ఏ తీగముక్కనో వంచుతూ, ఏ మేకునో అరగదీస్తూ తిరిగేవాడు. ఒక్కచోట కుదురుగా కూర్చోవడం మటుకు చేతకాదు. వీడి కాళ్ల కింద ఎవరు నిప్పులు పోశారోనని క్యాంపులో అందరూ నవ్వేవారు.

ఆ చేతుల చురుకు చూసే క్వారీ ఇంజనీరు ప్రిచర్డ్ సాబు అతన్ని తన ఇంటిపనికి తీసుకున్నాడు. దుమ్ములోంచి ఏకంగా ఏసీలోకి. ఇంకేం కావాలి మనిషికి?

సాబుకు ఒకటే పిచ్చి. ఇంగ్లండు పాత గుర్రపు దళాల టోపీ బిళ్లలు పోగుచేయడం. గోడకు పచ్చగుడ్డ పరిచిన పలక, దానిమీద నలభై మూడు ఇత్తడి బిళ్లలు. కిరీటాలు, గులాబీలు, అడ్డంగా కత్తులు. ఒక్కోదాని కింద చిన్న చీటీ. లచ్చన్నకు ఇంగ్లీషు రాదు. సాబు డ్రైవరు ఖాసిం, కామారెడ్డివాడు, ఏడో తరగతి దాకా చదివినవాడు, చదివి చెప్పాడు.

"దళం పేరు, అది పుట్టిన సాలు రాసిండన్నా. గివిటిని యోమన్రీ అంటరు. పొలాలున్న ఆసాములు సొంత గుర్రాలెక్కి కట్టిన పటాలమట."

"మరి చేసినోని పేరు?"

"చేసినోని పేరు ఎవడు రాస్తడే?"

లచ్చన్న ఎందుకు అడిగాడంటే, మిగతావన్నీ మిషను గుద్దిన బిళ్లలు. దౌడు తీసే గుర్రం బిళ్ల ఒక్కటే చేత్తో పోసింది. అంచు చూడగానే అతనికి తెలిసిపోయింది. సాబుకూ అదంటేనే ప్రాణం. నూరేళ్ల కిందట ఎవడో కంచరివాడు ఎక్కడో దాన్ని పోశాడు. వాడెవడో తెలియకపోవడం లచ్చన్నను ముల్లులా గుచ్చేది.

ఎనభై మూడు మేలో సాబు నెలరోజుల సెలవు మీద ఇంగ్లండు వెళుతూ తాళంచెవి ఇచ్చాడు. "ధూల్ సాఫ్ కర్నా, బస్" అన్నాడు. దుమ్ము దులిపితే చాలని. ఆ మాట దగ్గర ఆగి ఉంటే ఈ కథే లేదు.

కంచరి ఇంట్లో పండగకు ముందు ఇత్తడి నల్లగా ఉందంటే ఆ ఇంటికే నామోషీ. ఈ మనిషి ఏడాదికి పైగా ఆ నల్లబడ్డ బిళ్లలు చూస్తూ లోలోపల ఉడికిపోతున్నాడు. మలబారు కొట్లో చింతపండు కొన్నాడు, ఇటుక నూరాడు, మూడు రోజులు తోమాడు. బిళ్లలు ధగధగలాడాయి. సాబు వచ్చి మురిసిపోతాడనుకుని తనే ముందుగా మురిసిపోయాడు. ఆఖరున గుర్రాన్ని పట్టుకుని తోముతుంటే వెనక కాలు టప్పున విరిగింది. ముక్క తూములోకి పోయింది.

ఖాసిం వచ్చి పలక చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఏం పని జేసినవన్నా. గా నలుపుకే గదా వాటికి కిమ్మతు. నూరేండ్ల నలుపు గది. నూరేండ్లు తోమి పారేసినవ్."

"మంచిగ చేద్దామనే..."

"సాబు మేనేజరు ముదీర్‌తోని ఒక్క మాటంటే ఖలాస్. వీసా ఇచ్చిన కఫీల్ పాస్‌పోర్టు చేతుల పెట్టి ఇమానం ఎక్కిస్తడు."

ఆ రోజు నుంచి లచ్చన్నకు అన్నం సయించలేదు. సాబు రావడానికి పదకొండు రోజులు. ఊడ్చిన గదినే మళ్లీ ఊడ్చేవాడు. గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చేవాడు. ఊళ్లో సాయవ్వకు ఏ మొహంతో చెప్పాలి? చింతపండుతో తోమినందుకు దుబాయ్ నుంచి వెళ్లగొట్టారంటే నమ్మే పెళ్లామా ఆమె?

మూడో రోజు చేతులే దారి చూపించాయి. మైనం కరిగించి లోబాను సాంబ్రాణి కలిపాడు. బంకమట్టిలో గుర్రం అచ్చు తీసి, అందులో ఆ మైనం పోసి, లేని కాలును చేత్తోనే దిద్దాడు. తండ్రి చేసినట్టే, మట్టి కప్పేముందు మైనం వెనకవైపు బొటనవేలి గోరు ఒకసారి ఒత్తాడు. ఇది మా కొలిమిది అని చెప్పే గుర్తు. ఆలోచించి ఒత్తింది కాదు, వేలు దానంతటదే వెళ్లింది. శుక్రవారం వర్క్‌షాపు మూసి ఉంటే, డ్రిల్లులు సాన పెట్టే కొలిమిలో పాత ఇత్తడి నీళ్ల నల్లా కరిగించి పోశాడు. మట్టి పగలగొట్టినప్పుడే గోటి గీత కనబడింది. గీత అరగదీద్దామని ఆకురాయి తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. మనసొప్పలేదు. ఉప్పునీళ్లు, దీపం మసి పట్టించి నల్లబరిచి పలక మీద పెట్టాడు, విరిగినదాన్ని అగ్గిపెట్టెలో దాచాడు.

సాబు వచ్చాడు. పలక ముందు నిలబడగానే మొహం కందిపోయింది. ఒక్కో బిళ్ల చూస్తూ నడిచి, గుర్రం దగ్గర ఆగాడు. వేలితో తాకి గట్టిగా ఊపిరి వదిలాడు.

"షుకర్ హై. ఇస్కో నహీ ఛువా."

దీన్నొక్కదాన్నీ ముట్టుకోలేదు, బతికించావు అని. కాసేపటికి, పో, చాయ్ తీసుకురా అన్నాడు. అంటే నౌకరీ ఉన్నట్టే. నోరు మూసుకుంటే గండం గడిచినట్టే.

లచ్చన్న పొయ్యి మీద నీళ్లు పెట్టాడు. నీళ్లు మసులుతున్నాయి, మనిషీ మసులుతున్నాడు. మోసం చేశానన్న భయం ఒకపక్క. అంతకంటే పెద్ద మంట ఇంకోటి. తాను పోసిన గుర్రాన్ని సాబు మెచ్చాడు, ఆ మెప్పు ఎవడికో పోతోంది. తండ్రి పోసిన గంటలు ఎన్ని ఊళ్ల గుళ్లలో మోగుతున్నాయో, ఒక్కదాని మీద ఆయన పేరు లేదు. స్టవ్ ఆర్పి వట్టి చేతులతో గదిలోకి వచ్చాడు.

"సాబ్. ఏ మైనే బనాయా." ఇది పోసింది నేనేనని.

అగ్గిపెట్టెలోంచి విరిగిన పాత గుర్రం తీసి బల్లమీద పెట్టాడు. సాబు కొత్తదాన్ని తిప్పి భూతద్దం పట్టాడు. గోటి గీత చూశాడు. లచ్చన్న చెయ్యి లాక్కుని బొటనవేలు దానిమీద ఆనించాడు. గోరు సరిగ్గా కూర్చుంది. సాబు భూతద్దం పక్కన పెట్టాడు. చివరికి తాళంచెవి అడిగి తీసుకున్నాడు.

"కల్ సే క్రషర్."

రేపటి నుంచి క్రషరుకేనని. ఊరికి పంపలేదు, అదే పదివేలు. లచ్చన్న మళ్లీ దుమ్ములో పడ్డాడు. పడ్డాడు గాని నిదానం రాలేదు. ఆ గుర్రాన్ని సాబు ఏం చేశాడు? చెత్తలో వేశాడా? అడగలేడు, అడగకుండా ఉండలేడు.

నాలుగు నెలలకు ఖాసిం క్రషర్ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, పలక చూసొచ్చిన. ఇరిగిన గుర్రం పైన, నీది దాని కింద. రెండిటికి చెరొక చీటీ."

"నా దాని కింద ఏమున్నది?"

"లచ్చన్న. రాస్ అల్ ఖైమా. ఎనభై మూడు."

లచ్చన్న పార కింద పెట్టాడు. మొహాన ఉన్న దుమ్ములో రెండు తడి చారలు దిగాయి. తుడుచుకోలేదు. ఖాసిం చెయ్యి పట్టుకున్నాడు.

"ఎనుక కాలు జర లావుగొచ్చింది భాయ్. పేరు పెడ్తడని తెలిస్తే ఇంకోపారి అరగదీస్తుంటి. సాబునడుగు, ఒక్క శుక్కురారం నాకిస్తడేమో."