చీకటక్క చుట్టిన ట్యూబు

మా నెలతక్కువ పిల్లల వార్డులో పెద్ద నర్సును అందరం చీకటక్క అంటాం. విటమిన్ ఎ మందైనా, ఆ పరీక్షకు తీసిన రక్తమైనా వెలుతురు తగిలితే పాడవుతుందని అల్యూమినియం ఫాయిల్ చుట్టేస్తుంది. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట! నీ టిఫిన్ డబ్బాకూ చుట్టరాదూ" అని నేను ఏడిపిస్తే, "నోర్మూసుకుని పని చూడవే" అంటుంది.

ఆ రోజు ఆ ఫాయిలే మా కొంప ముంచింది.

కిటికీ పక్క గాజుపెట్టెలో ఉన్న బాబు పుట్టినప్పటి నుంచీ ఆక్సిజన్ మీదే ఉన్నాడు. పాడైన ఊపిరితిత్తులు కోలుకోవాలని తొడకు విటమిన్ ఎ సూది వేస్తున్నాం. తొడంటే తొడా, నా బొటనవేలంత! ఆ విటమిన్ తక్కువైతే ఊపిరికి కష్టం, ఎక్కువైతే తలలో ఒత్తిడి పెరిగి మాడు ఉబ్బుతుంది. అందుకే రక్తం పరీక్షకు పంపాం. "ఇదే ఆఖరి పోటు తల్లీ" అని వాళ్ళమ్మకు అక్క మాటిచ్చింది.

ఫలితం చూసి డాక్టరు మొహం మాడ్చుకున్నాడు. "ఇంత తక్కువా? మోతాదు పెంచండి."

నేను సిరంజి అందుకోబోతే అక్క నా చెయ్యి పట్టేసుకుంది.

"ఆగవే! పేరు చీటీ ట్యూబుకి అంటించి, దానిపైన ఫాయిల్ చుట్టేశాను. ఎవరి రక్తమో చూడాలంటే ల్యాబువాళ్ళు విప్పక ఏం చేస్తారు?"

ల్యాబుకు ఫోన్ చేసింది. అనుకున్నంతా అయింది. విప్పి, చదివి, అలాగే కిటికీ దగ్గర పెట్టి భోజనానికి వెళ్ళారట.

"అయితే ఈ అంకెను నమ్మలేం. మళ్ళీ తీద్దామంటే వీడి ఒంట్లో రక్తమేది?" అన్నాడు డాక్టరు.

నాకు ఒళ్ళు మండింది. అతి చేస్తే గతి చెడుతుందని ఊరికే అన్నారా!

అక్క నేరుగా తల్లి దగ్గరికి వెళ్ళింది. "తప్పు నాదేనమ్మా. ఇంకోసారి పొడవాలి."

"మాటిచ్చారు కదక్కా! వాడికి ఏడవడానిక్కూడా ఊపిరి లేదు!" అని ఆ పిల్ల అరిచింది. అంతలోనే కళ్ళు తుడుచుకుంది. "తీయండి. కానీ ల్యాబుకు నేనే పట్టుకెళ్తాను."

మడమ మీద పొడిచాం. బాబు నోరు తెరిచాడు, ఏడుపు బయటికి రాలేదు. మానిటర్ గీ పెట్టింది. ఆక్సిజన్ అంకె జారిపోతోంది. "పీల్చు నాన్నా, పీల్చు" అంటున్నాన్నేను. అంకె ఆగింది, ఆగి మెల్లగా పైకెక్కింది. అక్క ట్యూబుకు ఫాయిల్ చుట్టి, ఈసారి చీటీని పైన అంటించింది.

తల్లి ఆ ట్యూబును గుప్పిట్లో పెట్టుకుని కొంగు కప్పి నడిచింది. నేను వెంట వెళ్ళాను. ల్యాబులో కిటికీ తెర దించేదాకా ఇవ్వనంటే ఇవ్వనంది.

సాయంత్రం ఫలితం వచ్చింది. విటమిన్ సరిపోయినంత ఉంది, మోతాదు పెంచక్కర్లేదు. చెబుదామని నేనూ, అక్కా, డాక్టరూ వెళ్తే, తల్లి పెట్టె పక్కన నిలబడి ఉంది. గుప్పిట ఇంకా మూసే ఉంది.

"చేతిలో ఏంటమ్మా?" అన్నాను.

"ఏం లేదక్కా. కన్నప్పటి నుంచీ వీణ్ణి ఒక్కసారీ ఎత్తుకోలేదు కదా. ఇందాక ఆ ట్యూబు పట్టుకుంటే వెచ్చగా తగిలాడు."

నాకు ఏడుపొచ్చేసింది. చీకటక్క డాక్టరు వైపు తిరిగింది.

"ఆక్సిజన్ గొట్టాలు నేను పట్టుకుంటాను సార్. ఈ పిల్లకు బిడ్డనివ్వండి."

డాక్టరే కుర్చీ లాగాడు.