వాగు రాళ్ళ మీద మా మామగారు

మా మామగారు పోయారన్న కబురు మొదట విన్నది నేనే. మాచర్ల టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. ఆ ఆదివారం డ్యూటీలో ఉండగా ఊరి చివర నాపరాళ్ళ క్వారీ దగ్గరి కొట్టు నుంచి ఒక ఫోను వచ్చింది. ఏ నంబరు కావాలని అడిగాను.

"నంబరు తెలవదమ్మా. ఎక్స్ఛేంజిలో చేసే కోడలమ్మకి చెప్పాల. వాగు రాళ్ళల్లో బండి తోలే పెద్దాయన పోయాడు."

"ఆ కోడల్ని నేనే" అన్నాను.

అవతలి మనిషి గొంతు తగ్గించాడు. "బండికి స్టాండేసి, పక్కన బండకి ఆనుకుని కూర్చునున్నాడమ్మా. కునుకు తీస్తన్నాడనుకున్నాం."

మీలో మాచర్ల వైపు తిరిగినవాళ్ళు ఆయన్ని చూసే ఉంటారు. చంద్రవంక వాగు ఎండినప్పుడు బయటపడే బండల మీద, మనిషి నడక కన్నా నెమ్మదిగా మోటారు సైకిలు నడిపే తెల్లజుట్టు మనిషి. చూసి నవ్వుకునీ ఉంటారు. సైన్యంలో ఉన్నప్పుడు ఆయన పని, మోటారు సైకిలు మీద ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి కాగితాలు చేరవేయడం. ట్రయల్స్ అనే ఆట ఆయనకు అక్కడే అబ్బింది. అందులో వేగంతో పనిలేదు. రాళ్ళూ గుంతలూ ఉన్న దారిని కాలు నేలకు ఆనకుండా దాటాలి. ఆనితే తప్పు పడుతుంది. పింఛను పుచ్చుకుని ఊరికి వచ్చాక ఆ ఆట పేరు విన్నవాళ్ళు కూడా ఆయనకు ఇక్కడ దొరకలేదు.

అయినా మానలేదు. వేలంలో ఒక పాత బండి కొని, బజార్లో మెకానిక్ భాయ్ దగ్గర కూర్చుని మార్పులు చేయించారు. రాళ్ళకు తగలకుండా సైలెన్సర్ పైకి ఎత్తించారు, సీటు కోయించారు, నెమ్మదిగా పోవడానికి వెనక పళ్ళచక్రం పెద్దది వేయించారు.

"మంచి రోడ్డుండగా రాళ్ళల్లో తోలేదేంది సాబ్?" అని భాయ్ అడిగితే, "రోడ్డు మీద నాకు నిద్రొస్తది భాయ్" అన్నారట.

నేను కాపురానికి వచ్చేసరికి అత్తగారు లేరు. ఆదివారం పొద్దున్నే తండ్రీ కొడుకులు వాగుకు పోయేవాళ్ళు. ఆయన తోలేవారు. నా భర్త ఎదురుగా కూర్చుని, కాలు ఆనగానే "కాలు!" అని అరిచేవాడు. పెళ్ళయిన రెండో ఏడు కామెర్లతో నా భర్త పోయాడు. మామగారు బండిని దొడ్లో పెట్టి గోనెపట్టాలు కప్పేశారు.

ఆ ఇంట్లో మేమిద్దరం మిగిలాం. రోజంతా ఊరందరి మాటలూ నా చెవుల్లో పడేవి. ఇంటికొస్తే "అన్నం తిన్నారా మామయ్యా", "తిన్నానమ్మా". అంతే. నేను లేస్తే ఆయన అరుగు మీదకు వెళ్ళేవారు, ఆయన లోపలికొస్తే నేను దొడ్లోకి పోయేదాన్ని. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొస్తాడు కాబట్టి ఒకరి మొహం ఒకరు చూడలేకపోయేవాళ్ళం.

శావల్యాపురం నుంచి మా అన్నయ్య వచ్చాడు. "ఇక్కడెవరున్నారని ఉంటావే? బట్టలు సర్దుకో." మామగారి వైపు తిరిగి, "మీరైనా చెప్పండి" అన్నాడు.

"పొమ్మని నేనెట్టా అంటా? ఉండమని ఎట్టా అడుగుతా? అమ్మాయి ఇష్టం బాబూ" అని ఆయన దొడ్లోకి వెళ్ళిపోయారు. వంటింటి కిటికీలోంచి చూశాను. గోనెపట్టాల మీద చెయ్యేసి, అటు తిరిగి నిలబడి ఉన్నారు.

"వచ్చే నెల చూద్దాంలే అన్నయ్యా" అన్నాను. ఆ నెల రానే లేదు.

అన్నయ్య వెళ్ళాక అడిగాను. "బండి తీయరేం మామయ్యా?"

"చూసి చెప్పేవాడు లేడుగా అమ్మా."

"నేను చూస్తా."

ముందు బండిని బాగు చేయాల్సి వచ్చింది. చైను కిరసనాయిల్లో నానబెట్టడం, ప్లగ్గు గరుకు కాగితంతో రుద్దడం, క్లచ్చి తీగకు నూనె పట్టించడం ఆయన చేస్తూ నాకు నేర్పారు. "తుడిచేటప్పుడు తొందరపడమాకు. బోల్టు వదులైతే ముందు చేతికి తెలుస్తది, తర్వాతే చెవికి" అనేవారు. అన్ని నెలల్లో ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

వాగులో మొదటిసారి ఆయన కాలు ఆనినప్పుడు నేను చూసీ ఊరుకున్నాను. ఆయన ఇంజను ఆపేశారు.

"ఆనింది. చెప్పలేదేం?"

"కొంచెమేగా మామయ్యా."

"కొంచెమైనా ఆనినట్టే. వాడు నన్నెప్పుడూ వదల్లేదు. నువ్వూ వదలమాకు."

మళ్ళీ వెనక్కి వెళ్ళి మొదలుపెట్టారు. అదే బండ దగ్గర కాలు ఆనింది. "కాలు!" అని అరిచాను. అది నా భర్త మాట. ఆయన తలూపి మళ్ళీ మొదటికి వెళ్ళారు.

మరుసటేడు నన్నే ఎక్కించారు. నా భర్త ప్యాంటు బెల్టుతో బిగించి కట్టుకుని తోలేదాన్ని. ఎదురింటి పెద్దమ్మ ఆగలేకపోయింది. "ఏమే, ఆయనకైతే మతి లేదు, నీకేమొచ్చిందే?" చాలాసార్లు పడ్డాను. పడ్డప్పుడు ఆయన పరుగెత్తి వచ్చేవారు కాదు. నేను లేచేదాకా ఆగి, "రాయిని చూడమాకు అమ్మాయ్, చూస్తే దాని మీదకే పోతావు. పోవాల్సిన చోటు చూడు" అనేవారు. ఇంటికి వచ్చాక మాత్రం గోరువెచ్చటి నీళ్ళూ దూదీ అరుగు మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్ళిపోయేవారు.

పోయిన ఏడు మోకాళ్ళు మొరాయించాక ఆయన బండి దిగి నా చోట్లో కూర్చున్నారు. నా కాలి వేలు ఆనినా వదిలేవారు కాదు.

ఆ ఆదివారం, నేను డ్యూటీకి వెళ్ళేముందు "ఊరికే వాగు చూసొస్తా" అన్నారు. బండి మీద వెళ్తారని నేననుకోలేదు. ఎంతవరకు దాటారో, ఎక్కడ కాలు పెట్టారో చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. నన్ను పిలవకుండా ఎందుకు వెళ్ళారో కూడా నాకు తెలియదు. చివరిసారి ఒక్కరే ఉండాలనుకున్నారేమో.

కర్మకాండ అయ్యాక బంధువులు "ఇంకా బండెందుకు, అమ్మెయ్" అన్నారు. విననట్టు ఊరుకున్నాను. మొన్న ఆదివారం చైను కడిగి, బండిని వాగుకు తీసుకెళ్ళాను. పెద్దబండ సగం ఎక్కాక చక్రం జారింది. కాలు ఆనించాను. అప్రయత్నంగా ఎదురుగా, ఆయన కూర్చునే చోటు వైపు చూశాను. ఇంజను ఆపేస్తే వాగంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అప్పుడే అవతలి ఒడ్డు నుంచి మేకల మంద దిగి వచ్చింది. నేను ఎక్కలేకపోయిన బండ మీదకు ఒకదాని వెనక ఒకటి గెంతుతూ నా పక్కనుంచే ఎక్కిపోయాయి. ఆఖరున ఒక పిల్ల బండ మీద నిలబడి నన్ను కాసేపు చూసింది. తర్వాత అదీ వెళ్ళిపోయింది.