అక్క ఎడమ బొటనవేలు

మొన్న హోట్గి రోడ్‌లోని సినిమా రాత తరగతి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, కొత్తగా చేరినవాళ్ళకు పాత్రను ఎలా పట్టుకోవాలో ఒక గంట చెప్పి వెళ్ళమని మర్యాదగా అడిగింది. వీలుపడదని ఫోన్ పెట్టేశాను.

ముప్పై ఏళ్ళు పత్రికలో వార్తలు రాసి, పదవీ విరమణ చేశాక, ఆ తరగతిలోనే నా కూతురి కంటే చిన్నవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని స్క్రీన్‌ప్లే నేర్చుకున్నవాణ్ణి. పూనా నుంచి వచ్చే మాస్టారు మొదటి నెలలోనే నా రాతనంతా కొట్టేశారు. ఆమె బాధపడింది అని రాస్తే కెమెరా దేన్ని చూపించాలి, చేతులు ఏం చేస్తున్నాయో రాయండి అనేవారు. మా వార్తల్లో పేరు మార్చి, పేట మార్చి రాస్తే మా పూచీ తీరిపోయేది. చేతుల సంగతి ఎవరూ అడిగేవారు కాదు.

నాకు బాగా తెలిసిన చేతులు మా అక్కవి. జోడ్‌భావి పేట్ ఇంట్లో చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దస్తమానం బీడీలు చుట్టేది. చిన్నప్పుడు నాన్న మరమగ్గం నుంచి నూలు కండె ఉండే నాడె ఎగిరి తగిలి ఆమె కుడి చూపుడువేలు వంగదు. అందుకని అందరిలా కాక ఎడమ బొటనవేలి గోటితో బీడీ మూతి మడిచేది. నాకొక్కడికే చెప్పుకున్న సంగతి ఇంకొకటుంది: బీడీ కార్ఖానాలో ఆమెకు సొంత పని కార్డు లేదు. చూపు పోయిన తన అత్త పేరున ఉన్న కార్డు మీదే ఏళ్ళ తరబడి బీడీలు ఇస్తోంది. అది బయటపడితే పని పోతుంది.

అదే కథగా రాశాను. పేరు మార్చాను, పేట మార్చాను, అత్తను తల్లిని చేశాను. బొటనవేలిని మాత్రం ఉంచుకున్నాను. మాస్టారు మెచ్చుకున్నది దాన్నే. తరగతి పిల్లలు పది నిమిషాల సినిమా తీస్తే, నటించిన అమ్మాయికి ఆ మడత నేనే దగ్గరుండి నేర్పాను.

మా కులసంఘం హాల్లో ఆ సినిమా వేసి నాకు శాలువా కప్పారు. కార్ఖానాలో బీడీలు సరిచూసే గుమాస్తాను పిలిచిందీ నేనే. బయట చాయ్ తాగుతూ ఆయన నవ్వాడు.

"క్యా సాబ్, మా కార్ఖానా మీదనే తీసిన్రా? గా మడత నేను దినాం చూస్తనే ఉన్న. ఎవల చెయ్యో నాకెరుక లేదనుకున్నరా?"

మెచ్చుకోలనుకుని నేనూ నవ్వాను.

సోమవారం అత్తను వెంటబెట్టుకుని రమ్మని అక్కకు కార్ఖానా నుంచి కబురొచ్చింది. అందరి ముందూ ఆ ముసలామె ఒళ్ళో చాట పెట్టి, ఒక బీడీ చుట్టి చూపమన్నారు. కళ్ళు పోయినా వేళ్ళు మరచిపోలేదు. తీరుగా చుట్టి, అందరిలాగే కుడి చూపుడువేలితో మూతి మడిచింది. కోడలిని గట్టెక్కించాననుకుని, "సూడుండ్రి, ఏం తక్కువున్నది?" అని నవ్విందట కూడా. ఆ కార్డు మీద ఏళ్ళుగా వస్తున్న మడత అది కాదు. కార్డు రద్దయింది.

విషయం తెలిసి నేను పరుగెత్తుకుని వెళ్తే అక్క తిట్టలేదు, ఏడవలేదు.

"పేరు మార్చినవ్ తమ్మీ, పేట మార్చినవ్, మా అత్తను అమ్మను జేసినవ్. నా ఏలు మార్చకపోతివి గద. బస్, కూసో, చాయ్ తాగి పో."

అత్త పోయింది. అక్క ఇప్పుడు కుంభారిలో ఉంటూ తువ్వాళ్ళకు అంచులు కుడుతుంది. నెలకోసారి బస్సెక్కి వెళ్తాను. మన తరంవాళ్ళకు తెలుసు, ఆ పాత ఇళ్ళలో ఆడవాళ్ళు పని ఆపి మాట్లాడడమనేది ఉండేది కాదు. మా అక్క నా బడి సంగతులూ పెళ్ళి సంగతులూ అన్నీ చాట మీంచి తల ఎత్తకుండానే విన్నది, ఆ వేళ్ళు కదులుతుంటే చూస్తూ నేను ఏదైనా చెప్పుకోగలిగేవాణ్ణి. ఇప్పుడు నన్ను గుమ్మంలో చూడగానే కుట్టుపని పక్కన పెడుతుంది, ఆరోగ్యం అడుగుతుంది, మర్యాదగా ఎదురుగా కూర్చుంటుంది. నేను లేచి వచ్చేదాకా ఆ రెండు చేతులూ కొంగు కిందే ఉంటాయి.