నాలుగు వేళ్ల పాచి

మా మేనత్త బీరమ్మ బండలు కడిగే తీరు చూసినవాళ్లెవరైనా ఆమెను బద్ధకస్తురాలనే అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

కేతేపల్లికి రెండు మైళ్ల దూరంలో ఒక పల్లె వాళ్లది. గొర్లు కాసే ఇల్లు. గడప నుంచి గొర్ల దొడ్డి దాకా ఇరవై ఏడు నాపబండలు పరిచి ఉంటాయి. మా మామ మల్లయ్య కండ్లు బాగున్న రోజుల్లో మేళ్లచెరువు దిక్కు నుంచి బండి కట్టుకుని తెచ్చి, తన చేతులతోనే పరిచాడు. ఒక పక్క పెంటగుంత, ఇంకో పక్క తుమ్మకంప. తర్వాత ఆయన రెండు కండ్లకూ పొర కమ్మింది. దవాఖానకు పొమ్మంటే పోలేదు. ఎనిమిదేండ్లుగా ఆయనకు రాత్రీ పగలూ ఒకటే.

అయినా తెల్లవారగానే ఒక్కడే దొడ్డికి పోయేవాడు. కట్టె పట్టడు, చెయ్యి పట్టుకోనివ్వడు. తడక పక్కన నిలబడి, బయటికి వచ్చే ఒక్కో గొర్రె వీపు మీద చెయ్యి వేసి లెక్కపెట్టేవాడు. ఆయన సరే అంటేనే కొడుకు ఎల్లయ్య మందను తోలుకుపోవాలి. ఇంట్లో ఆయనకు మిగిలిన పెద్దరికం అదొక్కటే.

నేను అరవై నాలుగులో నల్లగొండలో కాలేజీ వదిలేసి, మా నాయిన ముందు నిలబడే మొహం లేక అత్త ఇంటికి చేరాను. శ్రావణమాసం. వానలు పట్టి బండలన్నీ పాచి పట్టాయి. అత్త వారానికోసారి కూర్చుని కడిగేది. గడప దగ్గర మొదలుపెట్టి పల్లానికి జరుగుతూ, ఇటుకపొడి చల్లి, కొబ్బరిపీచుతో రుద్దేది. కానీ నడుమ మాత్రమే రుద్దేది. రెండు అంచులకూ నాలుగు వేళ్ల వెడల్పు పాచి అట్లాగే వదిలేసేది. పక్కింటి సత్తమ్మ గోడ మీది నుంచి చూసి, నడుమ పాపిట తీసినట్టు గిదేం కడుగుడని ఎగతాళి చేసేది. అత్త నవ్వి ఊరుకునేది. నేను అడిగితే, నడుము వంగుతలేదు అల్లుడా, అంది. నేను నమ్మాను.

తిని కూర్చోవడం నాకు సిగ్గుగా ఉండేది. ఒకరోజు అత్త కేతేపల్లి అంగడికి పోయింది. ఆమె వచ్చేలోగా పని ముగించాలని, సున్నం కలిపి బండలన్నిటి మీదా పోశాను. పాత కొడవలితో అంచుల పాచి గీకాను. పొద్దు వాలేసరికి ఇరవై ఏడు బండలూ తెల్లగా కడిగిన పళ్లెంలా అయ్యాయి. సత్తమ్మ కూడా మెచ్చుకుంది. అత్త వచ్చి చూసి గంప దించింది.

తెల్లవారి మామ బయలుదేరాడు. మూడో బండ మీద ఆగాడు. కాలి బొటనవేలితో కుడిపక్క తడిమాడు, ఎడమపక్క తడిమాడు. ఇంకో అడుగు వేస్తే ఆ కాలు పెంటగుంత వైపు జారింది. పడలేదు. మెల్లగా వెనక్కి తిరిగి అరుగు మీద కూర్చున్నాడు. లెక్క లేకుండానే మందను తోలుకుపొమ్మని ఎల్లయ్యతో చెప్పాడు.

అంచు పాచి, వానల్లో చల్లగా మెత్తగా, ఎండల్లో ఎండి గరుగ్గా, కాలికి తగలగానే లోపలికి జరగడం, ఎనిమిదేండ్లుగా ఆయన తోవ అది. అత్త ఆయనకు ఎన్నడూ చెప్పలేదు, ఆయనా ఆమెను అడగలేదు. ఎవరితోనైనా అంటే ఆయన ఒక్కడే నడుస్తున్నాడనే మాట పోతుందని ఆమెకు ఎరుక.

మూడు రోజులు మామ అరుగు దిగలేదు. బువ్వ కూడా సగమే తిన్నాడు. నేను చెయ్యి పట్టుకుని తీసుకుపోతానంటే మొహం అటు తిప్పుకున్నాడు. అత్తతో నా తప్పు ఒప్పుకుని, ఇప్పుడేం చేద్దామని అడిగాను.

"పాచి మల్ల అదే వస్తది. వానలున్నయి గదా," అంది. "జర నువ్వు చెయ్యి పెట్టకు."

మూడో రోజు మధ్యాహ్నం చినిగిన గొంగడి ఒకటి తీసి, పొడుగ్గా పట్టీలు చించింది. మామ నిద్రపోతుండగా ఇద్దరం కలిసి బండల రెండు అంచులకూ పరిచి, గులకరాళ్లు బరువు పెట్టాం. సాయంత్రం లేచిన మామతో, బండలు వానకు జారుతున్నయి, అంచులకు గొంగడేసిన, అని మాత్రం అంది.

నాలుగో పొద్దున ఆయన లేచాడు. అత్త నీళ్ల బిందె దగ్గర తనకు ఏదో పని ఉన్నట్టు నిలబడింది. అటు చూడడం లేదు, కానీ బిందెలో చెంబు ముంచి అట్లాగే ఉంచింది. మామ వేలు గొంగడిని తాకింది, ఆగింది, లోపలికి జరిగింది. ఇరవై ఏడు బండలు దాటడానికి చాలాసేపు పట్టింది. ఎల్లయ్య మందను ఆపి ఉంచాడు.

తడక తీశారు. వీపుల మీద చెయ్యి వేస్తూ మామ లెక్కపెడుతున్నాడు. పదిహేనో గొర్రె వీపు కుంటుతున్నట్టు ఒక పక్కకు ఒరిగితే చెయ్యి ఆగింది. దాన్ని వంచి కాలు ఎత్తి తడిమాడు.

"దీని గిట్టల ముల్లుందిరా. మూడు దినాల సంది ఎవ్వడు జూడలేదా?"

ఎల్లయ్య నేల చూశాడు. నేనూ నేలే చూశాను. అత్త చెంబెడు నీళ్లు తీసుకుని మొహం కడుక్కుంది.