అరవై ఐదు మెత్తన అనుకున్నాను

మా ఇంటామెకు నడుము ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఒకటే మాట చెప్పాడు. కుదుపు తగలకూడదు. ఆటో వద్దు, బస్సు వద్దు, స్కూటరు అసలే వద్దు. ఆసుపత్రి నుంచి అంబులెన్సులో పడుకోబెట్టి నేరుగా ఊరి బయట కామ్‌రేజ్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి తీసుకెళ్లాం. అక్కడ చూసుకోవడానికి మనిషి ఉంది, గడప దాకా సిమెంటు రోడ్డు ఉంది. నేను మగ్గాల మీదికి పోవాలి కాబట్టి సూరత్‌లో మా రెండు గదుల్లోనే ఉండిపోయాను. నెల రోజులన్నారు. నాలుగు నెలలైంది.

ఆమె నేల మీద కూర్చుని చీరలకు రాళ్లు అంటించేది. ఆ పనే నడుము విరిచింది. అంటిస్తూ మాట్లాడేది, నేను వింటున్నానో లేదో చూసేది కాదు. ఇప్పుడు డ్యూటీ దిగి ఇంటికొస్తే కాసేపు మగ్గాల హోరు చెవుల్లో ఉంటుంది. అది తగ్గాక ఇక ఏమీ ఉండదు. ఒకరోజు ఆమె జిగురు డబ్బా మూత తీసి చూశాను. ఎండి గట్టిపడిపోయింది. పారేయబుద్ధి కాలేదు, మూత పెట్టి మళ్లీ అక్కడే ఉంచాను.

ఇంటికి రావడానికి మళ్లీ అంబులెన్సు ఇవ్వరు. ఆమె రావాలంటే దారి ఒక్కటే, మా చిన్న కారు. ఎనిమిదేళ్ల కింద వేరేవాళ్ల దగ్గర కొన్నది. నాలుగు నెలలు ఎండలో కదలకుండా నిలబడి నాలుగు టైర్లూ పగుళ్లు ఇచ్చాయి. ఫోన్ చేసి చెప్పాను.

"టైర్లు మార్పిచ్చుకోని వస్త. కూసుంటవా?"

"మెత్తగ ఉంటే కూసుంట. లేకుంటే నన్ను గీడనే ఉండనియ్యి."

కడోదరాలో హైవే పక్కన ఒక టైర్ల కొట్టుకు పోయాను. కొట్టతను నా ముందు రెండు రకాలు నిలబెట్టాడు. ఒకటి కారుతో వచ్చిన సైజు, పదమూడు అంగుళాల ఇనప రిమ్ము, టైరు మీద 145/80 అని ఉంది. రెండోది పద్నాలుగు అంగుళాల అల్లాయ్ రిమ్ము, టైరు మీద 155/65. "రెండూ మీ బండికి పడతాయి కాకా. రోడ్డు మీద నిలబెడితే ఎత్తు ఇంచుమించు ఒకటే. మీ ఇష్టం," అన్నాడు హిందీలో.

నాకు అంకెలు నేర్పింది బడి కాదు, మగ్గం. మా బట్టకు రెండు అంకెలు చెప్తారు. అంగుళానికి నిలువు పోగులు ఎన్ని, అడ్డం పోగులు ఎన్ని. రెండో అంకె ఎనభై అయితే బట్ట బిర్రుగా, అట్టలా ఉంటుంది. అరవై ఐదు అయితే వదులుగా, ఒంటికి మెత్తగా ఉంటుంది. కళ్లు మూసుకుని చేత్తో తడిమి చెప్పగలను. ఆ టైరు మీద రెండు అంకెలు చూడగానే ఇంకేం ఆలోచించలేదు. ఆ కొట్టతన్ని అడగనూ లేదు. ఇన్నేళ్లు ఆ అంకెలతో బతికినవాణ్ణి, నేనొకర్ని అడగడమేమిటి అనుకున్నాను. "అరవై ఐదే వెయ్యి," అన్నాను.

సెలవు రోజున కామ్‌రేజ్ పోయాను. అమ్మాయి బయటికి వచ్చి మెరిసే రిమ్ముల చుట్టూ తిరిగింది.

"బాపూ, గీ షోకు ఎప్పటి సంది?"

"మీ అవ్వ కోసమే బిడ్డా."

"పెండ్లి పిలగాని లెక్క తయారు చేసినవ్ బండిని," అంది మా ఇంటామె గడపలోంచి. మంచి చీర కట్టుకుంది. మందుల సంచి, దిండు, బట్టల మూట, అన్నీ సర్ది పెట్టుకుంది. పక్కింటివాళ్లకు పోయొస్తానని కూడా చెప్పింది.

మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర తలుపు పిడి పట్టుకుంది. రెండోదాని దగ్గర కళ్లు మూసుకుంది. పైపుల కోసం తవ్వి పూడ్చిన చోటు వచ్చేసరికి, గేరు మీద ఉన్న నా చేతి మీద చెయ్యి వేసింది.

"ఆపు."

ఆపాను.

"నడుస్తున్న మగ్గం మీద కూసున్నట్టున్నది. వాపస్ తిప్పు."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. వెనక్కి తిప్పి వచ్చేసరికి మమ్మల్ని సాగనంపిన అమ్మాయి ఇంకా గేటు దగ్గరే ఉంది. సంచి, దిండు, మూట మళ్లీ లోపల పెట్టి నేనొక్కణ్ణే వచ్చాను.

మరునాడు ఆ కొట్టతనితో గొడవ పెట్టుకున్నాను. గట్టి టైర్లు అంటగట్టాడని అన్నాను. అతను నేను చెప్పిందంతా విని, "ఆ అంకెలను బట్టలా చదివారా కాకా?" అని నవ్వాడు. తర్వాత టైరు పక్క గోడ మీద చెయ్యి పెట్టి విడమరిచి చెప్పాడు. మొదటి అంకె టైరు వెడల్పు. ఆ వెడల్పును నూరు పాళ్లు అనుకుంటే అందులో ఎన్ని పాళ్లు ఈ గోడ ఎత్తు ఉందో రెండో అంకె చెప్తుంది. అరవై ఐదంటే గోడ పొట్టిది. పెద్ద రిమ్ము వచ్చి రబ్బరు చోటు తినేసింది. కుదుపును మింగేది ఆ గోడే.

"మీరు అటు కూర్చోండి, నేను నడుపుతా," అన్నాడు.

ఎనిమిదేళ్లలో నేను ఆ ఎడమ సీట్లో ఎన్నడూ కూర్చోలేదు. రైలు పట్టాల మీదుగా తీసుకెళ్లాడు. చేతిలో స్టీరింగు లేదు, రాబోయే గతుకు కాళ్లకు ముందే తెలియదు. దెబ్బ తోక ఎముక దగ్గర మొదలై మెడ దాకా ఎక్కింది. నాది ఆపరేషన్ కాని నడుము. అయినా తెలిసింది.

అల్లాయ్‌లు తీసేసి పదమూడు అంగుళాల రిమ్ములకు ఎనభైవి వేశాడు. గాలి కూడా కారు తలుపు అంచున కంపెనీవాళ్లు రాసి ఉంచినంతే పెట్టాడు. నేనెప్పుడూ ఇంకాస్త కొట్టించేవాణ్ణి, టైరు గట్టిగా ఉంటే మంచిదని. మళ్లీ అవే పట్టాలు దాటాం. దెబ్బ ఉంది, కానీ కిందనే ఆగిపోయింది.

తర్వాతి సెలవుకు ఆమె చక్రాలు చూసింది.

"ఏంది, మళ్ల పాతయే ఏసినవా?"

"అవు. గివే మెత్తన."

"ఇన్నేండ్లు మగ్గం నడిపినవ్. మెత్తన ఏదో గట్టి ఏదో నీకు ఎర్కలేదా?"

"బట్టల ఎర్క," అన్నాను.

మూట తెచ్చుకోలేదు. ఉత్త చేతులతో ఎక్కింది. వాళ్ల సొసైటీ గేటు దాకా పోయాం. "జర ముందుకు," అంది. పాల డెయిరీ దాకా పోయాం. "చాలు," అంది.

అప్పటి నుంచి వారానికి కొంచెం కొంచెం పోతున్నాం. మొన్న హైవే మూల దాకా వచ్చింది. సూరత్ వైపు పోయే లారీలను కాసేపు చూసింది.

"ఇయ్యాల్టికి చాలు. తిప్పు."

"నొచ్చిందా?"

"నొయ్యలే. నొస్తదేమోనని భయం."

ఆ భయం ఆమెకు ఆపరేషన్ వల్ల వచ్చింది కాదు. నేను పెట్టింది. దానికి ఏ సైజు టైరు వెయ్యాలో ఏ కొట్టతనూ చెప్పలేడు.

ఆమెను దింపి తిరిగి వచ్చేటప్పుడు ఆ తవ్వి పూడ్చిన చోట బండిని నడక వేగానికి తెస్తాను. పక్క సీటు ఖాళీ. వెనక నుంచి హారన్లు కొడతారు. కొట్టనిస్తాను.