పడమట గోడ లేని యోగశాల

చెంగల్రాయులు గారు ఇక లేరన్న వార్త నాకు ఉదయం తరగతి మధ్యలో తెలిసింది. ప్రాణాయామం చేయిస్తున్నాను. తిరుపతి నుంచి వాళ్లబ్బాయి ఫోను చేశాడు. “నాయన నిద్రలోనే పోయినాడు మేడమ్” అన్నాడు. ఫోను పెట్టేసి, అలవాటు కొద్దీ “నెమ్మదిగా శ్వాస వదలండి” అన్నాను. ఆ తర్వాత ‘పీల్చండి’ అనడం మరిచిపోయాను. ముందు వరసలోని రెడ్డెమ్మ కాసేపు ఓపిక పట్టి, కళ్లు తెరిచి, “అమ్మా, ఊపిరి మళ్లీ తీసుకోమంటావా వద్దా?” అంది. అందరూ నవ్వారు. నా ముఖం చూసి నవ్వు ఆపేశారు.

బంగారుపాళ్యం శివారులో, మామిడితోటల నడుమ, మొగిలి కొండలకు ఎదురుగా ఉన్న మా యోగశాలను నిర్మించిన ఆర్కిటెక్టు ఆయన. విద్వత్తూ వినయమూ మూర్తీభవించిన మహనీయుడు అని రాయడం ఇలాంటి వ్యాసాల్లో మర్యాద. విద్వత్తు ఉంది. వినయం మాత్రం నేను చూడలేదు. పరమ మొండి. మోకాళ్లు వంగవు కాబట్టి పద్మాసనం ఆయన వల్ల కాదు. కానీ మనిషి ఎక్కడ కూర్చుంటే మనసు కుదుటపడుతుందో ఆయనకు తెలిసినట్టు నాకు తెలిసిన వారిలో ఎవరికీ తెలియదు. ఆయన పోయారన్న దుఃఖానికి తోడు, ఆయన కట్టింది కట్టినట్టు నిలుస్తుందా అన్న దిగులు ఆ ఉదయమే నన్ను పట్టుకుంది.

శాల కట్టమని అడగడానికి తిరుపతి వెళ్లినప్పుడు, కాగితం మీద గీత గీసి చూపిస్తారనుకున్నాను. “ముందు కూసుందాం, తర్వాత కడదాం” అన్నారు. ఖాళీ నేల మీదే తరగతులు పెట్టించారు. ఎండ పడి ఎవరైనా చాప జరుపుకుంటే, లేచి వచ్చి ఆ చోట ముగ్గుపిండితో గీత గీసేవారు. చీమలకు జరిగినా, జల్లుకు జరిగినా, గాలి కోసం జరిగినా గీతే. ఋతువులు మారేకొద్దీ నేలంతా గీతలయింది. చాపలు జరగని మేర శాల అయింది. జరిగిన చోట్లు కొన్ని వసారాలయ్యాయి, కొన్ని చెట్లకు వదిలేశారు. గోడకు అడ్డమొచ్చిన మామిడిచెట్టును కొట్టేద్దామని మేస్త్రీ అంటే, “అది మనకంటే ముందొచ్చి కూసుండాది, గోడే పక్కకు పోతాది” అన్నారు. ఇప్పటికీ మా ఉత్తరపు గోడ ఆ చెట్టు దగ్గర కాస్త వంగి, మళ్లీ తిన్నగా సాగుతుంది.

కొండరాళ్ల గోడలు, సున్నపు గచ్చు, పెంకుల కప్పు. పెంకుల మీద పడిన వాన ఒక్క చుక్కయినా వృథా పోకుండా తొట్టిలోకి చేరుతుంది. పడమటి వైపు మాత్రం గోడే లేదు. కొండ మీదుగా వచ్చే ఆడిమాసపు గాలి, అంటే ఆషాఢపు చల్లగాలి, నేరుగా మనిషి ఒంటికి తగలాలని ఆయన పంతం.

ఆ పంతమే మా కొంప ముంచింది. మా ప్రాంతంలో కాయల కాలం వస్తే ఇల్లిల్లూ తోటల్లోనే ఉంటుంది. ఆ నెలల్లో తరగతులకు సెలవు. ఖాళీ నేల మీద కూర్చున్న ఏడాదీ అలాగే సెలవిచ్చాం. శాల కట్టాక, ఇంత చల్లటి చోటు ఉండగా సెలవెందుకని తరగతులు ఆపలేదు. పడమట ఉన్న మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పని మొదలైంది. తొక్కలూ టెంకలూ కుళ్లిన పులుపు కంపు, దాని వెంట ఈగలు, గోడ లేని వైపు నుంచి దర్జాగా లోపలికొచ్చాయి. రెడ్డెమ్మ ఆ ఫ్యాక్టరీలోనే కాయలు కోస్తుంది. “పగలంతా ఆ కంపే, ఈడగూడా అదేనా సార్? ఊపిరి పీల్చమంటే యాడ పీల్చేది?” అని ఆయన ముఖం మీదే అడిగింది.

చెంగల్రాయులు గారు ఫ్యాక్టరీని తిట్టలేదు. “తప్పు గాలిది కాదమ్మా, నాది. మీరు సెలవు పెట్టిన నెలల్లో నేనుగూడా సెలవు పెట్టినాను” అన్నారు. ఆ కాలమంతా రోజూ తిరుపతి నుంచి వచ్చి, ఆ కంపులోనే, కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గోడ కట్టేయమని అందరం అన్నాం. వినలేదు. చివరికి వట్టివేళ్ల తడికెలు అల్లించారు. కాయల కాలం రాగానే పడమట కట్టి, నీళ్లు చల్లాలి. ఫ్యాక్టరీ మూతపడగానే విప్పేయాలి. కంపు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. కూర్చోగలిగినంత తగ్గింది.

ఏటా ఆ తడికెలు ఆయనే స్వయంగా కట్టేవారు. తాళ్లకు ఆయన వేసేది వాళ్ల నాయన ఎద్దులకు వేసే ముడి. గాలి ఎంత కొడితే అంత బిగుస్తుంది, కొస పట్టి లాగితే చటుక్కున ఊడుతుంది. “నాకూ నేర్పించండి సార్” అని అడిగిన ప్రతిసారీ, “వచ్చే ఏడు సూపిస్తాలేమ్మా, ఇప్పుడు నీళ్లు సల్లు” అనేవారు.

ఈ ఏడూ కట్టి వెళ్లారు. విప్పడానికి రాలేదు.

సంతాపసభ శాలలోనే జరిగింది. మా యోగశాల సంఘం అధ్యక్షుడు కుప్పుస్వామి నాయుడు గారు తోటలున్న రైతు, మెత్తటి మనసు. కన్నీళ్లు తుడుచుకుంటూ, “పడమట గోడ కట్టి, అద్దాలేసి, ఏసీ పెట్టిద్దాం. దాని మీద సార్ పేరు పెద్దగా రాయిద్దాం. ఆయనకు మనం ఇంకేం సేయగలం?” అన్నారు. చప్పట్లు మోగాయి. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఎవరి చేతి పనిని పూడ్చేసి ఎవరి పేరు రాస్తారు?

“అన్నా, ముందు కూసుందాం, తర్వాత కడదాం” అన్నాను. “ఈ ఏటికి ఫ్యాక్టరీ మూసినారు గదా. తడికెలు విప్పి, ఒక్క తరగతి కూసోండి. మీ చాప జరిగితే గోడ కట్టండి.”

తాళ్లు నేనే విప్పాను. ఆయన చేతుల్తో వేసిన ముడులు. ఒక్కొక్కటీ కొస పట్టి లాగగానే ఊడిపోతుంటే, మనిషి మళ్లీ పోతున్నట్టే అనిపించింది. చివరి ముడి దగ్గర ఆగిపోయాను. రెడ్డెమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, “లాగమ్మా, సార్ ఉంటే తిట్టేవాడు” అంది. లాగాను.

కొండ కనిపించింది. ఆడిగాలి లోపలికొచ్చింది. నాయుడు గారు కళ్లు మూసుకుని కూర్చున్నారు. తరగతి అయ్యాక కూడా లేవలేదు. చాప కదల్లేదు. “గోడ వద్దులేమ్మా” అన్నారు. వెంటనే, “అయితే ఏటేటా తడికెలు కట్టేదెవరు?” అని అడిగారు.

“మేమే కడతాం” అని గట్టిగా చెప్పాను.

ఆ మాట చెప్పిన నాటి నుంచి రోజూ తరగతి అయ్యాక రెడ్డెమ్మా నేనూ వసారాలో స్తంభానికి తాడు చుట్టి ఆ ముడి వేసి చూస్తున్నాం. బిగిస్తే ఊడదు, ఊడేలా వేస్తే నిలవదు. ఋణం తీర్చుకోలేని శిష్యులం, చేతులెత్తి నమస్కరించడం తప్ప ఏం చేయగలం? చెంగల్రాయులు గారూ, మీ శాలకు గోడ రాలేదు. ముడి మాత్రం మాకు పడటం లేదు. ఒక్కసారి చూపించి పోవాల్సింది సార్.